పవర్ ఇస్తే ఎడమకి, తీస్తే కుడికి: సగం మునిగే పంకాతో ఒక పడవ కేస్

పడవ ఎవరిదో, ఏ రేవులో తిరుగుతుందో, మార్పులు చేసిన యార్డు ఏదో ఇక్కడ రాయడం లేదు. కొలతల్ని కొంచెం గుండ్రం చేశాను గానీ లెక్క చెడకుండా చూశాను. ఈ కేస్‌లో తెలివితక్కువ పని ఎవరూ చేయలేదు. ఒక్కో ఫిర్యాదుకీ మామూలుగా వేసే మందే వేశారు. ఆ మందులన్నీ కలిసి పడవని ప్రమాదం దాకా తెచ్చాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

తూర్పు తీరంలో ఒక ప్రైవేటు రేవు కాపలాకి వాడే పడవ. పొడవు 8.5 మీటర్లు, ఫైబర్ బాడీ, అడుగు లోతైన ‘వి’ ఆకారం. వెనక గోడ (ట్రాన్సమ్) దగ్గర కూడా 21 డిగ్రీల కోణం ఉంది. డీజిలు, మనుషులు, సామాను అన్నీ ఎక్కాక బరువు 3.4 టన్నులు. 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఒకటే.

మొదట్లో దీనికి స్టెర్న్‌డ్రైవ్ ఉండేది, అంటే ఇంజిన్ లోపల, పంకాని తిప్పే కాలు వెనక గోడ బయట వేలాడేది. ముందొకటి వెనకొకటి రెండు పంకాలు (ప్రొపెల్లర్లు), ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగేవి. 33 నాట్ల వేగం వచ్చేది. ఇబ్బంది అంతా రేవు ముఖద్వారం దగ్గరే. అక్కడ ఇసుక మేటలు వేస్తుంది, డ్రైవ్ కాలు తరచూ నేలకి తగిలేది. నీళ్ళు లోపలికి రాకుండా ఉండే రబ్బరు మడతల గొట్టం (బెలోస్) చిరగడం, ఉప్పునీళ్ళకి కేసింగ్ తినేయడం సరేసరి. యజమాని విసిగిపోయి సర్ఫేస్ డ్రైవ్ పెట్టించాడు. తక్కువ లోతులో తిరగొచ్చు, వేగమూ పెరుగుతుందని యార్డు వాళ్ళు చెప్పారు. రెండూ నిజమే.

మామూలు పంకా పూర్తిగా నీళ్ళలోనే తిరుగుతుంది. వేగం బాగా పెరిగితే రెక్క మీద పీడనం పడిపోయి నీళ్ళు ఆవిరి బుడగలవుతాయి, అవి పగిలినప్పుడల్లా లోహాన్ని కొరుకుతాయి. సర్ఫేస్ డ్రైవ్‌లో పంకా నడిబొడ్డు ఇంచుమించు నీటి మట్టం దగ్గరే ఉంటుంది. ప్రతి రెక్కా ప్రతి చుట్టులో గాల్లోంచి దిగి, నీళ్ళు కోసి, మళ్ళీ బయటికొస్తుంది. బుడగల చోట్లోకి ఆవిరికి బదులు గాలి వస్తుంది కాబట్టి కొరుకుడు ఉండదు. ఇరుసు, బ్రాకెట్ నీళ్ళలో ఈడ్చుకుపోవాల్సిన పనీ ఉండదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 20వ శతాబ్దం మొదట్లోనే కెనడాకి చెందిన ఆల్బర్ట్ హిక్‌మన్ తన సీ స్లెడ్ పడవలకి ఇలాంటి పంకాలు పెట్టాడు. కరాచీలో పుట్టి, బొంబాయిలో కుటుంబం నడిపిన యార్డులో పని నేర్చుకున్న సన్నీ లెవీ వీటి మీద చాలా కృషి చేశాడు. మన దేశంలో పడవలు గీసేవాళ్ళకి ఆ పేరు అంతగా తెలియకపోవడం నాకెప్పుడూ లోటుగానే అనిపిస్తుంది. ఇరుసుని పైకీ కిందికీ, పక్కలకీ కదిపే డ్రైవ్ అమెరికాలోని హోవర్డ్ ఆర్నెసన్ పేరుతో ప్రసిద్ధమైంది. ఈ పడవకి పెట్టిందీ అలా కదిలే రకమే, కంపెనీ వేరు. స్టీరింగ్ తిప్పితే ఇరుసే పక్కకి తిరుగుతుంది. చుక్కాని వేరే లేదు, డ్రైవ్ కింద చిన్న ఫిన్ (నిలువు పలక) ఉంటుంది. 30 నాట్లు దాటని పడవకి ఇంత ఖర్చు దండగని నా అభిప్రాయం. ఇది దాటే పడవే.

వచ్చిన సమస్య

డ్రైవ్ మార్చాక వేగం 36 నాట్లకి పెరిగింది. దాంతోపాటు నాలుగు ఫిర్యాదులొచ్చాయి. నిండు బరువుతో ఉన్నప్పుడు పడవ వేగం అందుకుని నీటి మీదకి లేచి పరుగెత్తడం లేదు, ఇంజిన్ గొంతు పట్టేసినట్టు నల్లపొగ కక్కుతోంది. లేచాక ఎడమ పక్కకి ఒరుగుతోంది. నేరుగా పోవాలంటే స్టీరింగ్ కుడికి పట్టి ఉంచాలి. వెనక నుంచి అల వస్తే ముక్కు నీళ్ళలో గుచ్చుకుని పడవ ఉన్నట్టుండి పక్కకి తిరిగిపోతోంది.

నన్ను పిలిచింది మాత్రం వీటి కోసం కాదు. 28 నాట్ల దగ్గర కుడికి తిరుగుతుండగా ఎదురుగా వలల బెండ్లు తేలుతూ కనిపించాయి. సరంగు గబుక్కున థ్రాటిల్ వెనక్కి లాగి పవర్ తీసేశాడు. పడవ ఒక్కసారిగా కుడికి పడిపోయింది, అంచు మీదుగా నీళ్ళు లోపలికొచ్చాయి, ఒకతను రెయిలింగ్‌కి కొట్టుకున్నాడు. పెద్ద దెబ్బలేం కాలేదు గానీ మర్నాటి నుంచి సరంగులు ఎక్కనన్నారు.

వాళ్ళలో పెద్దాయన జెట్టీ మీద నిలబడి నాతో అన్న మాట: ‘తోస్తే ఎడమకి పడుకుంటాది సార్, తోయడం ఆపితే కుడికి పడుకుంటాది. మమ్మల్ని ఎటు కూకోమంటారు?’

సగం నిర్ధారణ ఆయనే చేసేశాడు. ఒక పక్క బరువు ఎక్కువవడమే లోపమైతే పవర్ ఉన్నా లేకపోయినా ఒకే పక్కకి ఒరగాలి. ఇది పక్క మారుస్తోంది. అంటే రెండు వేర్వేరు బలాలు పనిచేస్తున్నాయి, వాటిలో ఒకటి థ్రాటిల్‌తో పుట్టి థ్రాటిల్‌తో పోతోంది.

అప్పటికే చేసినవి

ఎడమ ఒరుగుడుకి విరుగుడుగా యార్డు వాళ్ళు బ్యాటరీలు కుడి పక్కకి మార్చి, 60 కిలోల సీసం దిమ్మలు కూడా అక్కడే బిగించారు. అది చాలక ఎడమ ట్రిమ్ ట్యాబ్‌ని (వెనక గోడ అడుగున పైకీ కిందికీ కదిలే పలకని) బాగా కిందికి దించి ఉంచారు. నీటి మీదకి లేవడం కోసం ముక్కు దగ్గర ఇసుక బస్తాలు వేశారు. సరంగులు తమ వంతుగా బయల్దేరేటప్పుడు డ్రైవ్‌ని పూర్తిగా కిందికి దించేవారు, స్టెర్న్‌డ్రైవ్‌తో వచ్చిన అలవాటు అది.

విడివిడిగా చూస్తే ఒక్కదానికీ పేరు పెట్టలేం. కలిపి చూడండి. ఎడమ ట్యాబ్ దించితే ఎడమ వెనక భాగం లేస్తుంది, దాంతో ముక్కు దిగుతుంది. పైగా ఎడమ పక్క నీళ్ళు పట్టి లాగడంతో ముక్కు ఇంకా ఎడమకి తిరుగుతుంది, స్టీరింగ్ ఇంకా కుడికి పట్టాలి. బస్తాలు ముక్కుని దించుతాయి. కిందికి దించిన డ్రైవ్ పడవ వెనక భాగాన్ని పైకి తోస్తుంది, అంటే అదీ ముక్కుని దించేదే. సగం మునిగే పంకాకి వెనక భాగాన్ని ఎత్తే గుణం సహజంగానే ఉంది. ఇన్ని కలిసి ముక్కుని నొక్కుతుంటే వెనక అల వచ్చినప్పుడు అది గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది?

ముందు కొలిచినవి

సీసం, బస్తాలు తీయించి, బ్యాటరీలు మధ్యకి తెప్పించి, ట్యాబ్‌లు పైకెత్తించి, ఆ తర్వాతే కొలతలు మొదలుపెట్టాను. మందులు ఒంట్లో ఉండగా అసలు జబ్బు కనపడదు.

జెట్టీ దగ్గర నీళ్ళు కదలకుండా ఉన్న పొద్దున పూట 80 కిలోల మనిషిని మధ్య గీత నుంచి మీటరు పక్కకి జరిపాం. డాష్‌బోర్డుకి టేపు వేసి అతికించిన ఫోన్లో ఒరుగుడు 1.8 డిగ్రీలు చూపించింది. రెండో పక్కా అంతే. ఈ సైజు పడవకి అది మంచి నిలకడే. చిన్న పడవల స్థిరత్వానికి వాడే ఐఎస్ఓ 12217 ప్రమాణంలోని పక్కబరువు పరీక్షకి కూడా ఇది ఇబ్బంది లేకుండా నిలుస్తుంది. అయితే ఆ పరీక్ష నిలిచి ఉన్న పడవకి చేసేది.

తర్వాత కాగితం మీద లెక్క. ఇంజిన్ నిమిషానికి 3600 చుట్ల దగ్గర పూర్తి పవర్ ఇస్తుంది, గేర్ నిష్పత్తి 1.5, కాబట్టి పంకా ఇరుసు 2400 చుట్లు. 300 హార్స్‌పవర్ అంటే 224 కిలోవాట్లు. ఇరుసు మీద మెలి (టార్క్) సుమారు 890 న్యూటన్ మీటర్లు వస్తుంది. వెనక నుంచి చూస్తే పంకా గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి దాని ఎదురు మెలి పడవని ఎడమకి ఒంచుతుంది. 90 కిలోల మనిషి మధ్య నుంచి మీటరు ఎడమకి జరిగి కూర్చుంటే ఎంతో, అంత.

పాత డ్రైవ్‌లో రెండు పంకాలు ఎదురెదురు తిరుగుతూ ఈ మెలిని ఒకదానికొకటి కొట్టేసేవి. అంటే ఈ బాడీ తన జీవితంలో ఎప్పుడూ ఈ బలాన్ని మోయలేదు. డ్రైవ్ మార్చిన రోజు నుంచే మోస్తోంది.

ఇంకో బలం కూడా ఉంది. పూర్తిగా మునిగిన పంకాలో పై రెక్క ఒక పక్కకి తోస్తే కింది రెక్క రెండో పక్కకి తోసి చాలావరకు సరిపెడుతుంది. ఇక్కడ పై సగం గాల్లో ఉంది, సరిపెట్టేవాళ్ళు లేరు. కింది రెక్క నీళ్ళని ఎడమకి తోస్తుంది, పడవ వెనక భాగం కుడికి పోతుంది, ముక్కు ఎడమకి తిరుగుతుంది. స్టీరింగ్ కుడికి పట్టడం అందుకే. ట్రాన్సమ్ మీద కెమెరా బిగించి చూస్తే ఇది కళ్ళకి కట్టినట్టు కనిపించింది. పంకా వెనక లేచే నీటి తోక నిటారుగా లేదు, ఎడమకి వాలి ఉంది. రెక్క నీళ్ళలోంచి బయటికొచ్చే పక్క అదే. స్టీరింగ్ పట్టి ఉంచడంతో ఈ పక్కతోపుడు చాలావరకు తీరిపోతోంది కాబట్టి ఒరుగుడు లెక్కలో దాన్ని వదిలేశాను.

జెట్టీ దగ్గరి కొలత ప్రకారం 90 కిలోల ప్రభావానికి 2 డిగ్రీలు ఒరగాలి. సముద్రంలో పూర్తి వేగంతో ఫోన్ చూపించింది 6. మూడు రెట్లు! మెలి లెక్క తప్పు కాదు, కాబట్టి మారింది పడవ నిలకడే. లోతైన ‘వి’ అడుగున్న పడవ నీటి మీదకి లేచాక అడుగున సన్నటి పట్టీ మీదే పరుగెడుతుంది. నీళ్ళని తాకే వెడల్పు తగ్గిపోతుంది, ఒరుగుడుని ఆపే బలమూ దాంతోపాటే తగ్గుతుంది. ఈ పడవకి మూడో వంతు మిగిలింది.

ఇక ఆ ప్రమాదం లెక్క తేలిపోయింది. సీసం, బ్యాటరీలు కలిపి కుడి పక్క మీటరు దూరంలో 75 కిలోలు పెట్టినంత ప్రభావం. జెట్టీ దగ్గర అది 1.7 డిగ్రీలు, ఎవరూ పట్టించుకోరు. వేగంలో మెలి 6 డిగ్రీలు ఎడమకి లాగుతుంటే ఇది 5 డిగ్రీలు కుడికి లాగి పడవని దాదాపు నిటారుగా నిలిపింది. యార్డు వాళ్ళకి ట్రయల్‌లో కనిపించింది ఇదే, సంతోషించారు. థ్రాటిల్ లాగిన క్షణంలో మెలి మాయమైంది, సీసం ఎక్కడికీ పోలేదు, పడవ ఇంకా వేగంలోనే ఉంది. పైగా కుడి మలుపులో సహజంగా కుడికి వాలి ఉంది. దించిన ఎడమ ట్యాబ్ కూడా ఎడమ పక్కని ఎత్తి కుడికే ఒంచుతోంది. తోపుడుతోనే తిరిగే డ్రైవ్ కాబట్టి తోపుడు పోగానే స్టీరింగ్ కూడా దాదాపు పోయింది. సరంగు ఏం చేసినా అప్పటికి ఆలస్యమే.

ఏ విరుగుడు ఎప్పుడు పనిచేస్తుంది

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగాను. మెలి థ్రాటిల్‌ని బట్టి వచ్చిపోతుంది. పక్కన పెట్టిన బరువు ఎప్పుడూ ఉంటుంది, వేగంలో దాని ప్రభావం మూడింతలవుతుంది. ట్యాబ్ గానీ, అడుగున అతికించే చీలిక ముక్క (వెడ్జ్) గానీ వేగం వర్గాన్ని బట్టి పనిచేస్తాయి. థ్రాటిల్ తీశాక కూడా వేగం తగ్గేదాకా అవి ఎత్తుతూనే ఉంటాయి. అంటే మెలికి సరిగ్గా జోడీ అయ్యే విరుగుడు వీటిలో ఒక్కటీ లేదు. ఒక వేగంలో ఒరుగుడుని సున్నాకి తెస్తే, థ్రాటిల్ లాగిన క్షణంలో అంతా రెండో పక్కకి తిరిగి వస్తుంది. కాబట్టి సున్నా కోసం చూడకూడదని నిర్ణయించుకున్నాను. బదులుగా పడవకి వేగంలో ఉండే పట్టునే పెంచాలి. ఆ పట్టు రెండు పక్కలా సమానం, దానికి థ్రాటిల్‌తో సంబంధం లేదు.

పనిచేయనివి

పిచ్ (ఒక్క చుట్టులో ముందుకి పోయే దూరం) తక్కువున్న పంకా పెట్టి చూశాం. ఇంజిన్ హాయిగా లేచింది, నిండు బరువుతో కూడా పడవ నీటి మీదకొచ్చింది. కానీ పై వేగం 31 నాట్ల దగ్గర ఆగిపోయింది, ఇంజిన్ చుట్లు మితిమీరకుండా ఆపే గవర్నర్‌కి తగులుతోంది. డ్రైవ్ మార్చింది ఇందుకా అని యజమాని అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. పాత పంకానే మళ్ళీ పెట్టాం.

రెండు ట్యాబ్‌లూ సమానంగా దించి బయల్దేరడమూ చూశాం. కొంచెం మేలు. లేచాక ట్యాబ్‌లు ఎత్తడం మర్చిపోతే మళ్ళీ ముక్కు గుచ్చుకోవడమే. రాత్రి కాపలాలో నిద్రమత్తుతో ఉన్న మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడే ఏర్పాటు నాకు ఇష్టం లేదు.

పనిచేసినవి

నీటి మీదకి లేవకపోవడానికి దారి చూపింది పెద్ద సరంగే. ఆయన చిన్నప్పుడు ఫైబర్ తెప్ప మీద లాంగ్‌టెయిల్ ఇంజిన్ (పొడవాటి ఇరుసు చివర పంకా ఉండేది) నడిపినవాడు. దాని పిడిని కిందికి నొక్కితే వెనక పంకా నీటి పైకి తేలుతుంది, ఇంజిన్ ఊపిరి తీసుకుంటుంది. ‘ఇదీ అలాగే ఎత్తితే పోలా?’ అన్నాడు. పోతుంది. పడవ నిలిచి ఉన్నప్పుడు సర్ఫేస్ డ్రైవ్ పంకా పూర్తిగా మునిగి ఉంటుంది. సగం మునిగి పనిచేయడానికి చేసిన పెద్ద పంకాని నిండా ముంచి తిప్పమంటే డీజిల్ ఇంజిన్ తిప్పలేదు, టర్బో లేవదు, నల్లపొగ వస్తుంది. డ్రైవ్‌ని కొంచెం ఎత్తితే పంకాని చిన్నది చేసినట్టే. స్టెర్న్‌డ్రైవ్ అలవాటుకి ఇది పూర్తిగా తలకిందులు.

దానికి తోడు ట్రాన్సమ్ పైభాగం నుంచి పంకా ముందు దాకా రెండు 75 మిల్లీమీటర్ల గొట్టాలు వేశాం. పడవ నెమ్మదిగా ఉన్నప్పుడు పంకా తన పీల్పుతో పైనుంచి గాలి లాక్కుంటుంది, భారం తగ్గుతుంది. వేగం వచ్చాక ట్రాన్సమ్ వెనక ఎలాగూ పొడిగా ఉంటుంది, గొట్టాలకి పనుండదు. వాల్వు లేదు, స్విచ్చు లేదు. బస్తాల అవసరం ఆ రోజుతో తీరిపోయింది. బస్తాలు పోవడంతో, డ్రైవ్ పైకి రావడంతో, ముక్కు గుచ్చుకోవడం సగానికి పైగా తగ్గింది.

స్టీరింగ్ కుడికి పట్టి ఉంచాల్సిన అవసరం తగ్గడానికి డ్రైవ్ కింది ఫిన్‌ని కొంచెం వంపుగా మార్చి బిగించాం. నీళ్ళే దాన్ని నెట్టి పంకా పక్కతోపుడుని మోస్తాయి. ఔట్‌బోర్డుల (పడవ వెనక బయట తగిలించే ఇంజిన్ల) మీద పంకా పైన చిన్న ట్యాబ్‌ని వాల్చి బిగించేది కూడా ఇందుకే.

ఒరుగుడుకి అసలు ఖర్చు పెట్టింది చైన్ మీద, అంటే అడుగు, పక్కగోడ కలిసే అంచు మీద. వెనక సగం పొడవునా, రెండు పక్కలా, కొంచెం కిందికి వాలిన చదునైన పట్టీని ఫైబర్‌తో కట్టించాం. పడవ ఒరగగానే ఆ పక్క పట్టీ నీళ్ళని తాకి ఎత్తుతుంది. దీనికి పడవని ఒడ్డుకి లాగి, పాత జెల్‌కోట్ (ఫైబర్ మీది పై పూత) గీకి, పొరలు వేసి ఆరబెట్టాలి. యజమాని మొహం చిట్లించాడు. ట్యాబ్‌తో పోయేదానికి ఇంత ఎందుకన్నాడు. 6 డిగ్రీలు, 5 డిగ్రీల లెక్క కాగితం మీద గీసి చూపించాక ఒప్పుకున్నాడు. చివర్లో ఎడమ అడుగున చిన్న చీలిక ముక్క కూడా వేశాం, మిగిలిన ఒరుగుడులో సగానికి మించి సరిచేయకుండా.

ఇప్పుడు పూర్తి పవర్‌లో 2 డిగ్రీలు ఎడమకి ఒరుగుతుంది. థ్రాటిల్ లాగితే నిటారుకి వచ్చి, డిగ్రీ రెండు డిగ్రీలు కుడికి ఊగి సర్దుకుంటుంది. వేగం 35 నాట్లు, ఒక నాటు పట్టీలకి పోయింది. మలుపులో థ్రాటిల్ ఒకేసారి లాగొద్దు, ముందు స్టీరింగ్ సగం విప్పి తర్వాత తగ్గించాలి అని సరంగులతో ఖాళీ సముద్రంలో సాధన చేయించాం. ఆ 2 డిగ్రీలు ఉండనివ్వండి, సీసం మాత్రం మళ్ళీ పెట్టొద్దు అని యజమానికి రాతపూర్వకంగానే ఇచ్చాను.

ఇలాంటి పడవ చూడమంటే ఇప్పుడు నేను మొదట అడిగేవి: పాత డ్రైవ్‌లో పంకాలు ఎన్ని, ఎటు తిరిగేవి; ఒరుగుడు నిలిచి ఉన్నప్పుడా, తోస్తున్నప్పుడా, తోయడం ఆపిన వెంటనేనా; ఫిర్యాదు మొదలయ్యాక పడవలో ఏయే బరువులు ఎక్కడికి జరిగాయి. మూడోదానికి సరైన జవాబు ఆఫీసులో దొరకదు, పడవ నడిపేవాళ్ళ దగ్గరే దొరుకుతుంది.

ఒకటి మాత్రం తీరలేదు. రివర్స్‌లో ఈ పంకాకి పట్టు చాలా తక్కువ. తోసిన నీళ్ళన్నీ ట్రాన్సమ్‌కే కొట్టుకుంటాయి. జెట్టీకి కట్టడం స్టెర్న్‌డ్రైవ్ రోజులంత సులువు కాదు. ముక్కు దగ్గర పక్కలకి తోసే చిన్న థ్రస్టర్ పెట్టమన్నాను, ఖర్చెక్కువని యజమాని వద్దన్నాడు. ప్రస్తుతానికి పోటుకి ఎదురుగా నెమ్మదిగా వచ్చి, ఒకడు గెడతో ముందు నిలబడి, ముక్కు తాడు ముందుగా విసిరి కడుతున్నారు.